సొంత జట్టు, దూరపు మైదానం
తక్కువ ఖర్చుతో ఫుట్‌బాల్ చూసి రావడం ఎలా?

మా బరంపురంలో ఫుట్‌బాల్ అభిమానికి ఒక చిత్రమైన కష్టం ఉంది. జట్టు మనదే, రాష్ట్రం మనదే, పేరులో కూడా మన ఒడిశాయే ఉంది. కానీ ఆ జట్టు ఆడే సొంత మైదానం మనకు 165 కిలోమీటర్ల దూరంలో ఉంది. భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియం పక్క వీధివాళ్ళు రాత్రి ఏడింటికి చెప్పులు తొడుక్కుని వెళితే చాలు. గంజాం జిల్లా వాళ్ళం మాత్రం పెళ్ళికి వెళ్ళినట్టు ఒక రోజు ముందు నుంచీ సర్దుకోవాలి. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు మన బంధువుల మాట ఇక చెప్పనక్కరలేదు. వారున్నది ఆంధ్రలో, వారికి దగ్గరలో ఉన్న పెద్ద మైదానం మాత్రం ఒడిశాలో!

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. ఆట గురించి పండితుల్లా చెప్పలేను. 1986లో మెక్సికో ప్రపంచకప్పు పోటీలను వీధిలో ఉన్న ఒక్క టి.వి. ముందు నిద్ర మానుకుని చూసినప్పటి నుంచి అభిమానిని, అంతే. అయితే ఖర్చు లెక్క వేయడం నా వృత్తి. ఆ లెక్కనే ఈసారి మన పత్రిక పాఠకుల ముందు పెడుతున్నాను. దీని వెనక చిన్న కథ ఉంది, ముందు అది చెబుతాను.

టాక్సీలో ఖాళీ అయిన సీటు

2024 ఏప్రిల్ 23, మంగళవారం. ఇండియన్ సూపర్ లీగ్ సెమీఫైనల్ మొదటి అంచె. కళింగ స్టేడియంలో ఒడిశా ఎఫ్.సి.కీ, కలకత్తా మోహన్ బగాన్‌కీ పోటీ. మా అబ్బాయి వారం రోజులు నన్ను నిలవనివ్వలేదు. సరే అని సగం రోజు సెలవు పెట్టాను. రాత్రి తిరిగి రావడానికి రైలు దొరకదేమోనన్న భయంతో టాక్సీ మాట్లాడాను. రానూపోనూ, టోల్‌గేటు, డ్రైవరు బత్తా అన్నీ కలిపి 5,800 రూపాయలు. నేను, మా అబ్బాయి, వాడి స్నేహితులిద్దరు, మొత్తం నలుగురం. తలకు 1,450 రూపాయలు అని పిల్లలకు చెప్పాను.

బయలుదేరే రోజు పొద్దున్న ఆ స్నేహితుల్లో ఒకడు మా గుమ్మంలోకి వచ్చి, "బాబాయిగారూ, నాకు పరీక్షల చదువు ఉండిపోయింది, నేను రాలేను" అన్నాడు. ఆ కుర్రాడు మా వెనక వీధిలో ఉంటాడు. మైదానంలో ఎడమ వైపు వాడు నిలబడితే అటు నుంచి బంతి దాటడం కష్టం. అలాంటివాడు సెమీఫైనల్ వదులుకుని చదువుకుంటానంటే, "మంచి బుద్ధి" అని భుజం తట్టి పంపించాను. వాడి స్థానంలో మా తోటి ఉద్యోగి ఒకరు వచ్చారు.

ఆట అద్భుతం. మొదట్లోనే మోహన్ బగాన్ గోలు వేసి మమ్మల్ని కూర్చోబెట్టింది. మనవాళ్ళు విరామంలోగా రెండు గోళ్ళు కొట్టి 2-1తో గెలిచారు. గొంతులు పోయేలా అరిచాం. తిరిగి వస్తుండగా బాలుగావ్ దగ్గర టీ తాగుతున్నప్పుడు మా అబ్బాయి నెమ్మదిగా అన్నాడు: "నాన్నా, వాడికి పరీక్షలేమీ లేవు. పద్నాలుగు వందల యాభై వాడి దగ్గర లేవు."

ఆ టీ నాకు గొంతు దిగలేదు. వాడి తల్లి అప్పడాలు ఒత్తి సంసారం నడుపుతుంది. వాడు పొద్దున్నే పేపర్లు వేసి ఫీజు కట్టుకుంటాడు. రోజూ అప్పు దరఖాస్తుల్లో ఎదుటివాడి ఆదాయం ఎంతో అడిగే నేను, ఆ పిల్లవాడిని ఒక్క మాట అడగకుండా తలకింత అని తీర్పు చెప్పేశాను. మరునాడు పిలిచి, "వచ్చే సీజన్లో నీ ఖర్చు నేను పెట్టుకుంటాను" అన్నాను. వాడు తల వంచుకుని, "వద్దు బాబాయిగారూ, నా వంతు నేను ఇచ్చుకోవాలి కదా" అన్నాడు. అందులో పొగరు లేదు, మర్యాదే ఉంది.

అప్పుడే ఒక నిర్ణయానికి వచ్చాను. వాడు తన వంతు తాను ఇచ్చుకోగలిగేటంత ఖర్చులో ఈ ప్రయాణం అవుతుందా, అవదా? అది తేల్చాలి.

అసలు చిక్కు తిరుగు ప్రయాణంలోనే

సాయంత్రం ఆటలు సాధారణంగా ఏడున్నరకు మొదలవుతాయి. సగానికి నలభై అయిదు నిమిషాలు, మధ్యలో పావుగంట విరామం, గాయాలకు కలిపే నిమిషాలు. ఎంత లేదన్నా తొమ్మిదీ ఇరవై దాటుతుంది. జనంలోంచి బయటపడి స్టేషనుకు గాని, బారముండా బస్ స్టాండుకు గాని చేరేసరికి పది. మేము వాకబు చేసినప్పుడు దక్షిణం వైపు వచ్చే రాత్రి బస్సులు చాలావరకు ఆట ముగిసేలోపే బయలుదేరిపోతున్నాయి. వెళ్ళడం ఎప్పుడూ చవకే. తిరిగి రావడానికే డబ్బు పోస్తాం. భయపడి టాక్సీ మాట్లాడేదీ అందుకే.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. కేరళలో మలప్పురం, కోళిక్కోడు వైపు అభిమానులు కేరళ బ్లాస్టర్స్ ఆట కోసం కొచ్చి దాకా ప్రయాణం చేస్తారు. అక్కడ ఆట ఉన్న రాత్రుల్లో మెట్రో రైలు వేళలు పొడిగించిన సందర్భాలు ఉన్నాయి. జర్మనీలో చాలా క్లబ్బుల ఆట టిక్కెట్టే ఆ రోజుకు ఆ ప్రాంతపు సిటీ బస్సు, రైలు టిక్కెట్టుగా కూడా చెల్లుతుంది. అభిమానిని ఇంటికి చేర్చడం కూడా ఆట నిర్వహణలో భాగమేనని వారు అనుకున్నారు. మన దగ్గర ఆ ఏర్పాటు వచ్చేదాకా మన ఏర్పాటు మనం చేసుకోవాలి.

మొదటి దారి: రైలు, ఒక రాత్రి మజిలీ

రాత్రికి రాత్రే తిరిగి రావాలన్న పట్టుదల వదిలితే ఖర్చు సగానికి పైగా తగ్గిపోతుంది. హౌరా నుంచి దక్షిణానికి వచ్చే బళ్ళు తెల్లవారే వేళకు భువనేశ్వర్‌లో దొరుకుతాయి. అక్కడి నుంచే బయలుదేరే బళ్ళూ ఉన్నాయి. స్టేషను దగ్గర నలుగురికి ఒక గది తీసుకుని అయిదారు గంటలు నడుము వాల్చితే చాలు. రైలు వేళలు మాత్రం ఇక్కడ రాయడం లేదు. అవి మారుతుంటాయి, ప్రయాణానికి ముందు మీరే సరిచూసుకోవాలి.

రైలు విషయంలో గుర్తుంచుకోవలసినవి:

ఒకటి, రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే దొరుకుతుంది. 2024 నవంబరు 1కి ముందు 120 రోజులుండేది. మ్యాచ్‌ల పట్టిక చూసి, ఆ తేదీకి లెక్క వేసుకుని కేలండరు మీద గుర్తు పెట్టుకోండి. ఒక్క టిక్కెట్టు మీద ఆరుగురి దాకా వేసుకోవచ్చు. పగటి బళ్ళలో సెకండ్ సిటింగ్ ఉంటే అదే మనలాంటి వారికి మేలు. కూర్చోవడానికి చోటు ఖాయం, ఖర్చు స్వల్పం.

రెండు, చార్టు తయారయ్యాక కూడా సీట్లు మిగిలి ఉంటే కరెంట్ బుకింగ్‌లో ఇస్తారు. అందులో మూల ఛార్జీ మీద పదిశాతం తగ్గింపు 2017 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. దీని మీదే ఆధారపడకండి, దొరికితే లాభం అనుకోండి.

మూడు, జనరల్ టిక్కెట్టు సంగతి. 199 కిలోమీటర్ల లోపు దూరానికి తీసుకున్న జనరల్ టిక్కెట్టుతో, కొన్న మూడు గంటల్లోగా గాని, ఆ దారిన వెళ్ళే మొదటి బండికి గాని, ఏది తర్వాతైతే దానిలోగా ప్రయాణం మొదలుపెట్టాలి. మన బరంపురం ఆ దూరంలోకే వస్తుంది. ఆట అయిపోయింది కదా అని రాత్రి పదింటికే టిక్కెట్టు కొని, తెల్లవారి అయిదింటి బండి ఎక్కితే అది చెల్లదు. జరిమానా కడితే మిగిల్చిందంతా అక్కడే పోతుంది. తిరుగు టిక్కెట్టు తెల్లవారాకే కొనండి.

నాలుగు, పిల్లల విషయం. అయిదేళ్ళ లోపు పిల్లలకు వేరే సీటు అక్కరలేకపోతే టిక్కెట్టు లేదు. 5 నుంచి 12 ఏళ్ళ లోపు వారికి రిజర్వేషనులో వేరే బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ, అక్కరలేదంటే సగం. 2016 ఏప్రిల్ నుంచి ఈ పద్ధతి. పెద్దవారికి మాత్రం ఒక చేదు మాట. సీనియర్ సిటిజన్ రాయితీ 2020 మార్చిలో ఆపేశారు. తాతగారిని తీసుకువెళితే పూర్తి ఛార్జీ లెక్కే వేసుకోండి.

భువనేశ్వర్‌లో దిగాక ఆటో కోసం పరుగెత్తవద్దు. 2018 నవంబరులో మో బస్ పేరుతో మొదలైన సిటీ బస్సులు మన జేబుకు అనువైనవి. స్టేడియం స్టేషనుకు నాలుగైదు కిలోమీటర్లే. తిరుగు దారిలో బస్సు దొరకకపోతే నలుగురు కలిసి ఆటో పంచుకున్నా పెద్ద భారం కాదు.

రెండవ దారి: పదిహేడు మంది, ఒక బండి

ఆడపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న కుటుంబాలు స్టేషనులో తెల్లవారేదాకా పడిగాపులు పడలేవు. వారికి పదిహేడు సీట్ల టెంపో ట్రావెలర్ మంచిది. మేము అడిగినప్పుడు రానూపోనూ 10,200 రూపాయలు చెప్పారు. పదిహేడు మందీ వస్తే తలకు 600. అయితే ఇక్కడ ఒక గోతి ఉంది. "మేము వస్తాం, మేము వస్తాం" అన్నవాళ్ళలో అయిదుగురు చివరి రోజున మానేస్తే అదే బండి తలకు 850 అవుతుంది. మంచితనంతో ముందుకు వచ్చి బండి మాట్లాడినవాడి నెత్తిన ఆ లోటు పడుతుంది. కనుక డబ్బు చేతికి వచ్చాకే పేరు రాయండి. ఇది బ్యాంకువాడి మాట అనుకోకండి, స్నేహాలు నిలవడానికి చెబుతున్న మాట.

మరొక హెచ్చరిక. ఆట జరిగే రెండు గంటలు డ్రైవరు నిద్రపోవాలి. అతన్ని కూడా ఆటకు తీసుకువెళ్ళి, రాత్రి పన్నెండింటికి జాతీయ రహదారి మీద మన పదిహేడు ప్రాణాలు అతని రెప్పల మీద పెట్టడం మంచిది కాదు. అతని భోజనం ఖర్చు ముందే లెక్కలో రాసుకోండి.

లెక్క ఇలా తేలింది

మా ప్రయాణాల్లో తలకు అయిన, అవుతుందనుకున్న ఖర్చు ఇది. మీ ఊరికి, మీ రోజుకు అంకెలు మారతాయి. పద్ధతి మాత్రం మారదు.

టాక్సీలో నలుగురు: బండి 1,450, ఆట టిక్కెట్టు 150, దారిలో తిండి 200. మొత్తం 1,800.

ట్రావెలర్‌లో పదిహేడు మంది: బండి 600, ఆట టిక్కెట్టు 150, తిండి 100. మొత్తం 850.

రైలులో నలుగురు: రానూపోనూ రైలు 200, సిటీ బస్సు 40, ఆట టిక్కెట్టు 150, గదిలో వంతు 250, టీ టిఫిన్లు 100. మొత్తం 740.

తిండి ఖర్చు తగ్గిందంటే కారణం నా శ్రీమతి. పులిహోర, పెరుగన్నం రెండు డబ్బాల్లో కట్టి ఇచ్చింది. స్టేడియంలోకి బయటి తిండి, నీళ్ళ సీసాలు తేనివ్వరు కనుక గేటు దగ్గరకు వెళ్ళకముందే తినేయాలి.

2024-25 సీజన్లో ఒక్కొక్క జట్టుకు లీగులో సొంత మైదానం మీద పన్నెండు ఆటలు వచ్చాయి. పన్నెండింటికీ వెళ్ళడం మన వల్ల కాదు, అక్కరలేదు కూడా. మూడు ఎంచుకోండి. మూడు ఆటలకు రైలు లెక్కన 2,220 రూపాయలు. ఏడాది పొడుగునా పంచితే నెలకు 185. నలుగురు కుర్రాళ్ళు కలిసి నెల నెలా ఆ డబ్బు ఒకచోట వేసుకుంటే, సీజను వచ్చేసరికి ఎవరూ ఇంట్లో చెయ్యి చాపనక్కరలేదు. ఒక్కసారిగా 1,450 తేలేని వాడు నెలకు 185 తేగలడు.

ఇతర ఊళ్ళ మనవారికి

చెన్నైలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం సెంట్రల్ స్టేషనుకు దగ్గర. అరక్కోణం, తిరుత్తణి వైపు మనవాళ్ళు సబర్బన్ రైలులో వచ్చి పోవచ్చు, చివరి బండి వేళ ఒక్కటీ చూసుకుంటే చాలు. బెంగళూరు కంఠీరవ స్టేడియానికి కబ్బన్ పార్కు మెట్రో స్టేషను దగ్గర. ముంబయి అంధేరీ మైదానానికి ఆజాద్ నగర్ మెట్రో స్టేషను పక్కనే. యానాం వారికి మాత్రం ఎటు చూసినా రాత్రి ప్రయాణమే. వారు ఏడాదికి ఒక్క ఆట ఎంచుకుని, దానికి బంధువుల ఇంటి పలకరింపు కూడా కలుపుకుంటే ఖర్చుకు న్యాయం జరుగుతుంది.

ఎందుకింత ఆరాటం?

"టి.వి.లో కనబడుతుంది కదా, ఇంత శ్రమ ఎందుకు?" అని మా తోటి ఉద్యోగులు అడుగుతుంటారు. దానికి నా జవాబు ఒకటే. ఈ కాలంలో జట్లు కూడా అద్దె ఇళ్ళలో కాపురం ఉంటున్నాయి.

ఒడిశా ఎఫ్.సి. అంతకుముందు ఢిల్లీ డైనమోస్. 2019లో పేరు, ఊరు మార్చుకుని మన దగ్గరకు వచ్చింది. ఆ ఏడాది కళింగ స్టేడియం మరమ్మతుల్లో ఉండడంతో మొదటి "సొంత" ఆటలు పుణేలో ఆడింది! తర్వాత కరోనా వల్ల రెండు సీజన్లు లీగు మొత్తం గోవాలోనే జరిగింది. 2023 ఏప్రిల్ 25న కోళిక్కోడులో బెంగళూరును 2-1తో ఓడించి సూపర్ కప్పు తెచ్చింది.

హైదరాబాదు కథ వింటే మనసు మరీ కలుక్కుమంటుంది. పుణే జట్టు స్థానంలో 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్.సి., 2022 మార్చి 20న లీగు విజేత అయింది. ఆ సీజన్లో తన ఊళ్ళో ఒక్క ఆటా ఆడకుండానే, గోవాలోనే కప్పు ఎత్తింది. ఆ జట్టు 2025లో చేతులు మారి ఢిల్లీకి తరలి, పేరు కూడా మార్చుకుంది. ఢిల్లీ జట్టు మన దగ్గరకు వచ్చింది, తెలుగువారి జట్టు ఢిల్లీకి పోయింది. అదే 2025 జులైలో నిర్వహణ హక్కుల ఒప్పందం తేలక లీగు మొత్తమే ఆగిపోయి, నెలల తరబడి దేశంలో అభిమానులందరూ దిక్కులు చూశారు.

ఖాళీ కుర్చీల వల్లనే జట్లు పోతాయని నేను అనను, దానికి పెద్ద పెద్ద లెక్కలు వేరే ఉంటాయి. కానీ నిండిన కుర్చీలున్న ఊరిని వదిలి వెళ్ళడానికి ఏ యజమాని అయినా రెండుసార్లు ఆలోచిస్తాడు. ఉన్నన్నాళ్ళు మన వంతు కుర్చీ మనం నింపాలి.

ముగింపు ఖాతా

2024-25 సీజన్లో ఒక రెండవ శనివారం మేము నలుగురం రైలులో వెళ్ళాం. ఈసారి ఆ కుర్రాడు మాతో ఉన్నాడు. డబ్బుల పెత్తనం వాడికే అప్పగించాను. తలకు 740 చొప్పున 2,960 రూపాయలు వాడి చేతిలో పెట్టాం. రంభ దాటాక కుడిచేతి కిటికీలోంచి చిలికా కనిపిస్తుంటే మిగతా ఇద్దరూ ఫొటోలు తీసుకున్నారు. వాడు మాత్రం చిన్న నోటుపుస్తకంలో టీ ఖర్చు రాసుకుంటున్నాడు.

స్టేడియం మెట్లెక్కి పైకి రాగానే దీపాల వెలుగులో పచ్చటి మైదానం ఒక్కసారిగా కనబడుతుంది. ఆ చోట వాడు ఆగిపోయాడు. వెనక జనం తోస్తున్నా కదలలేదు. ఆట పొడుగునా వాడు బంతిని చూడలేదు, ఎడమ వైపు ఆడేవాడు ఎక్కడ నిలబడుతున్నాడో చూశాడు. రాత్రి గదిలో దుప్పటి కప్పుకుని కూడా మా అబ్బాయితో అదే చర్చ. నాకు నిద్ర లేదు, విసుగూ రాలేదు.

మరునాడు బరంపురం స్టేషనులో దిగాక వాడు లెక్క చెప్పాడు. అయిన ఖర్చు 2,812. మిగులు 148. తలకు 37 రూపాయలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. "ఉంచుకోరా" అనబోయి ఆగిపోయాను. తీసుకుని జేబులో వేసుకున్నాను. వాడు నవ్వుతూ, "మళ్ళీ ఎప్పుడు బాబాయిగారూ?" అన్నాడు.

మీ ఊళ్ళో కూడా ఇలాంటి కుర్రాళ్ళు ఉంటారు. "చదువు ఉంది", "ఒంట్లో బాగాలేదు" అని చెప్పి ఆగిపోతుంటారు. మన సంఘం కుటుంబాలు అయిదారు కలిసి ఏడాదికి ఒక్క ప్రయాణం ఈ పద్ధతిలో పెట్టుకుంటే, అలాంటివాడొకడు తలెత్తుకుని తన వంతు ఇచ్చి మనతో వస్తాడు. అయితే బండి మాట్లాడే ముందు, తలకెంత అని చెప్పే ముందు, మన పక్కవాడు ఎంత ఇవ్వగలడో ఒక్కసారి మనసులో లెక్క వేసుకుందాం.